అవగాహన మాకుంది, నీళ్లే లేవు: జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో గ్రామీణ నీటి సరఫరా, వైద్య ఆరోగ్యం, విద్య, ఎక్సైజ్ బాధ్యతలు చూస్తున్న అధికారులందరికీ నమస్కారం.

మీకున్న పని ఒత్తిడి తెలుసు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. పొదిలి, కనిగిరి మధ్య మెట్ట ప్రాంతంలో ఉన్న మా ఊరి తరఫున, ఫ్లోరైడ్ కలిసిన తాగునీటి గురించి అర్జీ పెట్టుకున్నాం. రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు అర్జీదారు ఫోనుకు సమస్య పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది. ఊళ్లో చూస్తే అదే బోరు, అదే కుళాయి, అవే నీళ్లు. ఈ మధ్యలో జరిగిందల్లా ఒకటే: బడి ఆవరణలో షామియానా వేసి అవగాహన సదస్సు పెట్టారు. బోరు నీళ్లు తాగకూడదన్నారు. పాలు, గుడ్లు, ఆకుకూరలు బాగా తినమన్నారు. నొప్పి బిళ్లలు మింగవద్దన్నారు. మగవాళ్లు మందు మానాలన్నారు. పిల్లలను బడి మాన్పించి వలస తీసుకుపోవద్దన్నారు. వచ్చినవారు మర్యాదస్తులు, చెప్పిన మాటల్లో తప్పు ఒక్కటీ లేదు. అంతా అయ్యాక ఒక పెద్దావిడ లేచి, "సరే నాయనా, బోరు నీళ్లు తాగం. మరి ఏ నీళ్లు తాగమంటారో అది కూడా చెప్పండి" అంది. ఎవరూ చెప్పలేదు.

ఇక్కడి ఉన్నత పాఠశాలల్లో సైన్సు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఫ్లోరైడ్ అంటే ఏమిటో మా ఊళ్లో పశువులు కాసుకునేవారికి కూడా తెలుసు. మాకు కొరత ఉన్నది అవగాహనకు కాదు. సదస్సుల్లో వినిపించే సలహాలన్నిటికీ అడుగున ఒకే నమ్మకం కనబడుతోంది: జనం అలవాట్లు మార్చుకుంటే వాళ్ల ఆరోగ్యం, సంసారం, ఊరు అన్నీ బాగుపడతాయని. నేను చెప్పదలచింది దీనికి తలకిందులు. మావాళ్ల అలవాట్లు వాళ్ల బుద్ధిలోంచి ఊడిపడలేదు. తాగే నీళ్లలోంచి, పడుకునే రేకుల కప్పు కింది నుంచి, దొరకని కూలిలోంచి పుట్టుకొచ్చాయి. వాటిని అలాగే ఉంచి మనుషులను మారమనడం అన్యాయం. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించగా మైఖేల్ మార్మట్ అనే వైద్యుడి అధ్యక్షతన పనిచేసిన కమిషన్ 2008లో ఇచ్చిన నివేదిక సారాంశం కూడా ఇదే. మనుషులు పుట్టి పెరిగే, పనిచేసే, ముసలివాళ్లయ్యే పరిస్థితులే వాళ్ల ఆరోగ్యాన్ని నిర్ణయిస్తాయని అది తేల్చింది.

మా సంగతి ప్రభుత్వాలకు కొత్తగా తెలిసిందేమీ కాదు. మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును శాస్త్రీయంగా మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో ప్రకటించింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. వైద్యుల కన్నా ముందే రైతులు కనిపెట్టారని ఆ జబ్బు చరిత్ర చెబుతోంది. ఎద్దులు కాళ్లు పట్టేసి అడుగు వేయలేకపోవడం చూసి ఏదో తేడా ఉందని వారు గ్రహించారు. తర్వాతే అదే పట్టేయడం మనుషుల్లో బయటపడింది. అంటే తొంభై ఏళ్లు కావస్తోంది. ఈలోగా జిల్లా పేరు మారింది, సరిహద్దులు పదేపదే మారాయి. రాళ్లలోని ఫ్లోరైడ్ మాత్రం కరిగి బావిలోకి, బోరులోకి దిగుతూనే ఉంది. వానలు తగ్గి, బోర్లు లోతుకు పోయేకొద్దీ ఎంతో కాలంగా రాతిలో నిలవ ఉన్న నీళ్లు పైకి వస్తున్నాయి.

ఈ నీళ్లు, ఈ ఎండ, ఈ కరువు మా మనుషులను ఏం చేస్తున్నాయో వరుసగా చెబుతాను. వీటిలో చాలావాటిని మీ నివేదికలు "ప్రజల అలవాట్లు" అనే గడిలో వేస్తున్నాయి.

1. పిల్లల నవ్వు. శాశ్వత దంతాల మీద ఉండే ఎనామిల్ అనే గట్టి పూత దాదాపు ఎనిమిదేళ్లు వచ్చేలోపే తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద మొదట సుద్దగీతల్లాంటి అడ్డ చారలు వస్తాయి, తర్వాత పసుపు, ఆ తర్వాత గోధుమ రంగు మచ్చలు, గుంటలు. ఆ రంగు పన్ను లోపలిది, ఎంత తోమినా పోదు. ఇది తెలియక కాదు, సిగ్గు చంపుకోలేక మా పిల్లలు ఇటుక పొడి, బొగ్గు పొడి పెట్టి చిగుళ్లు రక్తాలు కారేదాకా రుద్దుకుంటారు. ఉన్న ఎనామిల్ కూడా అరిగిపోతుంది. పదో తరగతి పిల్లలను ఫోటోకు నిలబెడితే సగం మంది పెదవులు బిగించుకుంటారు, ఆడపిల్లలు చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఒంగోలులోనో విజయవాడలోనో హాస్టల్లో చేరగానే "గార పళ్లోడు" అనే పేరు పడుతుంది. తరగతిలో జవాబు తెలిసినా నోరు తెరవని పిల్లవాడిని చురుకుదనం లేనివాడిగా రాసుకుంటారు. ఇంటర్వ్యూలో తలవంచుకుని మాట్లాడే యువకుడికి ధైర్యం లేదంటారు. పెళ్లిచూపుల సంగతి వేరే చెప్పాలా? మా ఊరికి పిల్లనివ్వాలంటే ముందు నీళ్ల గురించి అడుగుతారు, అడగడం న్యాయమే కూడా. సదస్సులో మాత్రం రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోమని చెప్పారు.

తరగతి గదిలోనే మరొక సంగతి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లో చేరినవారికి విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, కడుపు ఉబ్బరం, నీరసం ఉంటాయి. పాఠం మధ్యలో మూడుసార్లు బయటికి వెళతానని అడిగే పిల్లవాడిని అల్లరి కింద జమ కడతారు. చాలా బళ్లలో మరుగుదొడ్డికి నీళ్లుండవు కనుక ఆడపిల్లలు అసలు నీళ్లే తాగకుండా సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు. దీన్ని క్రమశిక్షణ సమస్యగా చూడవద్దని విద్యాశాఖ వారిని వేడుకుంటున్నాను.

2. ఎముకలు, కీళ్లు. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది, కండరాలను ఎముకకు పట్టి ఉంచే బంధనాలు కూడా గట్టిపడతాయి. మెడ తిరగదు. వెన్ను వంగదు. పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. గొంతుకూర్చోలేని మనిషికి మిరప కోత లేదు, కలుపు లేదు, పొగాకు రెలవడం లేదు. మా దగ్గర పనంతా వంగి చేసేదే. నలభై అయిదు దాటిన మనిషి ఇంటి అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవారు సోమరి అంటారు. ఆ మాట పడలేక ఆయన ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు, నొప్పి బిళ్ల మింగి పనికి పోతాడు. ఆ బిళ్లలు ఏళ్ల తరబడి వాడితే మూత్రపిండాలకు ముప్పు అని ఆయనకు తెలియదనుకుంటున్నారా? తెలుసు. బిళ్ల మింగకపోతే ఆ రోజు కూలి లేదని కూడా తెలుసు.

ఆహారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాల్షియం, సి విటమిన్, మాంసకృత్తులు సరిగా అందే ఒంటికి ఇదే నీరు కొంత తక్కువ హాని చేస్తుంది. అందుకే ఒకే బోరు నీళ్లు తాగిన రెండు ఇళ్లలో పాడి ఉన్న ఇంటి పిల్లలు కాస్త నిలదొక్కుకుంటారు, కూలి ఇంటి పిల్లల మోకాళ్లు వంగిపోతాయి. ఫ్లోరైడ్ ప్రాంతాల పిల్లల్లో ఇలా మోకాళ్లు లోపలికి వంగడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే వివరించారు. పాలు తాగమని చెప్పడం సులువు. గేదెకు మేత, నీళ్లు లేక సంతకు తోలిన ఇంట్లో ఆ మాట ఎలా వినబడుతుందో ఒకసారి ఆలోచించండి.

3. రక్తహీనత. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇస్తున్నారు, సంతోషం. హిమోగ్లోబిన్ పెరగకపోతే మాత్రలు మింగడం లేదని తల్లిని కోప్పడుతున్నారు. ఫ్లోరైడ్ పేగు లోపలి పొరను దెబ్బతీసి పోషకాలు ఒంటబట్టకుండా చేస్తుందని ఆచార్య ఎ.కె. సుశీల చేసిన పరిశోధనలు చూపాయి. మాత్ర మింగినా ఇనుము ఒంటబట్టని ఆడపిల్లను అబద్ధాలకోరును చేయకండి.

4. వంట నీళ్లు. అందరూ మరచిపోయేది ఇదే. నీటిశుద్ధి ప్లాంటు దగ్గర కొన్న ఇరవై లీటర్ల క్యాను తాగడానికే సరిపోదు, ఇక వంటకెక్కడిది? అన్నం, పప్పు, టీ, పసిబిడ్డకు కలిపే పాలపొడి అన్నీ బోరు నీళ్లతోనే. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని మోతాదు పెరుగుతుంది. ఇంటింటికీ కుళాయి నీరు ఇస్తామని కేంద్రం 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లోనే, ఫ్లోరైడ్ ఊళ్లకు నదీజలాలు అందేలోపు తాత్కాలికంగా శుద్ధి చేసిన నీరు మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు ఇవ్వాలని ఉంది, అదీ తాగడానికీ వంటకూ కలిపి. అయిదుగురున్న ఇంటికి రోజుకు 40 నుంచి 50 లీటర్లు. అంటే రెండు నుంచి రెండున్నర క్యాన్లు. క్యాను పది రూపాయలనుకున్నా నెలకు 600 నుంచి 750, ఇరవై అయితే 1,200 నుంచి 1,500. ఏడాదిలో సగం రోజులు కూడా పని దొరకని ఇల్లు ఇంత పెట్టి నీళ్లు కొనగలదా? కొనలేక బోరు నీళ్లు వంటకు వాడే ఆ తల్లికి అవగాహన లేదందామా?

ఇళ్ల సంగతి అలా ఉంచండి. బడిలో మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీలో బాలింతల భోజనం ఏ నీళ్లతో వండుతున్నారో మీ శాఖలే కనుక్కుని చెప్పాలి. ఎనామిల్ తయారయ్యే వయసు పిల్లలకు ప్రభుత్వమే పెట్టే అన్నం అది.

5. ఎండ. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహించవచ్చని భారత ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి కూడా 1.5. అయితే ఇలాంటి హద్దులు మనిషి రోజుకు సుమారు రెండు లీటర్లు తాగుతాడనే లెక్క మీద కడతారు. స్థానిక వాతావరణాన్ని, జనం తాగే నీటిని బట్టి హద్దు నిర్ణయించుకోవాలని ఆ సంస్థే చెప్పింది. రోహిణి కార్తెలో ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే మనిషి ఆరు లీటర్లయినా తాగుతాడు. హద్దులో ఉన్న నీళ్లే అయినా అతని ఒంట్లోకి రోజుకు 9 మిల్లీగ్రాములు పోతాయి, రెండు లీటర్ల మనిషికి పోయేది 3. బోరులో ఫ్లోరైడ్ 3 ఉంటే 18. అందువల్ల "మీ నీళ్లు హద్దులోనే ఉన్నాయి" అనే మాట గదిలో ఫ్యాను కింద కూర్చునేవారికి వర్తించినట్టు మాకు వర్తించదు.

ఎండ ఒంటినే కాదు, మనసునూ వండుతుంది. రేకుల ఇల్లు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది. కరెంటు పోతే పసిపిల్లలతో సహా వీధిలో పడుకోవాలి. నెలల తరబడి నిద్ర లేని మనిషికి చిరాకు, కోపం, చేతి దురుసు పెరుగుతాయని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. వేసవిలో ట్యాంకరు వచ్చే వేళకు మా వీధి ఎలా ఉంటుందో రండి, చూద్దురు గాని. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు రాత్రే వరుసలో పెట్టి, ఎవరి బిందెకు వారు గుర్తుగా ముడి వేసిన గుడ్డపీలిక కట్టుకుంటారు. ట్యాంకరు ఆగగానే వరుస చెదురుతుంది. అక్కా చెల్లెలూ అని పిలుచుకునేవారే జుట్లు పట్టుకుంటారు. కేసు పెడితే పోలీసులు వచ్చి ఇద్దరినీ మందలిస్తారు. ఆ ఆడవాళ్లు పొట్లాటకోరులు కారు. మంచి వానలు పడి చెరువు నిండిన ఏడాది ఆ వీధిలో ఒక్క పొట్లాట కూడా నేను చూడలేదు.

6. వలస, చదువు. దసరా దాటాక మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. బేల్దారి పనికి హైదరాబాదు, బెంగళూరు పోతారు. ముసలివాళ్లు, బడి పిల్లలు మిగులుతారు. చిన్నపిల్లలున్నవారు వెంట తీసుకుపోతారు. బడి మానిన పిల్లల జాబితా మీ దగ్గర ఉంది. వాళ్ల బోర్లు ఎప్పుడు ఎండిపోయాయో కూడా పక్కన రాసి చూడండి.

7. అప్పు పెట్టే దిగులు. పేదవాడు తెలివితక్కువ నిర్ణయాలు తీసుకుంటాడు కనుకనే పేదవాడయ్యాడని చాలామంది చదువుకున్నవారు లోలోపల అనుకుంటారు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం పొరుగున తమిళనాడు చెరకు రైతులపై జరిగింది. అదే రైతులకు చెరకు కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత అయి డబ్బు వచ్చాక ఒకసారి బుద్ధి పరీక్షలు పెట్టారు. కోతకు ముందు వారి మార్కులు తగ్గాయి, కోత అయ్యాక పెరిగాయి. మనిషి అదే, చదువు అదే. మారింది ఇంట్లో ఇబ్బంది ఒక్కటే. వేలం మొదలయ్యే దాకా అప్పుల మీద ఆకు ఆరబెట్టే బ్యారన్ కాల్చే మా పొగాకు రైతును తలచుకుంటే నాకు ఆ అధ్యయనమే గుర్తుకొస్తుంది. పురుగుమందు డబ్బా వైపు చేయి చాచే ముందు ఆ మనిషి బుర్ర మీద ఎంత బరువుంటుందో లెక్కలోకి తీసుకోండి.

8. మందు. సదస్సులో ఎక్కువ సేపు మాట్లాడింది దీని గురించే. నేను తాగుడును సమర్థించను. దానివల్ల చెడిన సంసారాలు మా వీధిలోనే ఉన్నాయి, నా దగ్గర చదువుకున్న పిల్లలే కొందరు చేతికందకుండా పోయారు. కానీ ఒళ్లంతా నొప్పులతో, నిద్ర లేక, పని లేక ఉన్న మనిషికి మంచినీళ్లు దొరకని ఊళ్లో మందు సీసా మాత్రం ఏ వేళనైనా బెల్టు షాపులో దొరుకుతుంటే, ఆ మనిషికి నీతి చెప్పి ఊరుకోవడం సరిపోతుందా?

మారకూడదని ఎవరికీ ఉండదు, పరిస్థితి మారితే మనుషులు మారతారు. దీనికి సాక్ష్యం కోసం దూరం వెళ్లక్కర్లేదు. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో ఏం జరిగిందో మీరంతా చదువుకునే ఉంటారు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన కూలి ఆడవాళ్లు చదవడం నేర్చుకున్నారు, తమ బతుకు గురించి మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. మగవాళ్లకు బుద్ధి చెప్పి ఊరుకోలేదు, ఊళ్లోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు దేశమంతా వినబడింది. ఆ నిప్పు జిల్లా అంతా పాకి సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. సారా కొట్టు ఊళ్లో ఉన్నంత కాలం అవే సంసారాలకు తాగుబోతు ఇళ్లని పేరు. కొట్టు పోయాక అవే ఇళ్లలో బియ్యం మిగిలాయి. ఆ మగవాళ్లకు రాత్రికి రాత్రి కొత్త బుద్ధి ఎవరూ పోయలేదు. వాళ్ల ఆడవాళ్లు పోరాడి ఊరి పరిస్థితి మార్చారు, చివరికి ప్రభుత్వం వాళ్ల వెనక నిలబడక తప్పలేదు. నెల్లూరు జిల్లా మనకు ఇంత పాఠం చెప్పి ముప్పై ఏళ్లు దాటినా, మీ సదస్సులు ఇంకా మనిషి బుద్ధి దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా ఉంది.

నీళ్ల విషయంలోనూ అలాంటి సాక్ష్యమే ఉంది. ఫ్లోరైడ్ అనగానే దేశం నల్లగొండ పేరు చెప్పేది. కృష్ణా, గోదావరి నీళ్లు ఇంటింటికీ పైపుల ద్వారా అందాక తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వంగిపోయిన ఎముకలు తిరిగి సరికావు, అది నిజం. కొత్తగా పుట్టే పిల్లలకైనా ఆ రాత తప్పుతుంది. అక్కడ సాధ్యమైనది అదే కృష్ణా నదికి ఇటు పక్కనున్న మాకెందుకు సాధ్యం కాదు?

మాకూ ఒక పథకం ఉంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద తవ్విన సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల నీరు తెచ్చి, 4.47 లక్షల ఎకరాలకు, 15.25 లక్షల మంది దాహానికి ఇవ్వాలన్నది లక్ష్యం. దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున్న జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. నీళ్లు మాత్రం మా ఊరి దాకా రాలేదు. శంకుస్థాపన ఏడాది పుట్టిన ఆడపిల్లలకు ఇప్పుడు బడికి వెళ్లే పిల్లలున్నారు. తల్లికీ బిడ్డకూ పళ్ల మీద అవే చారలు. ఇన్నేళ్లలో ఏ పార్టీ అధికారంలో ఉన్నా మాకు మాట ఇవ్వనివారు లేరు, కనుక ఈ లేఖను ఎవరికో ఒకరికి వ్యతిరేకంగా వాడుకోవద్దని రాజకీయ నాయకులను కోరుతున్నాను.

ప్రాజెక్టు పూర్తి చేయడం జిల్లా అధికారుల చేతిలో లేదని తెలుసు. మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాం.

మొదటిది, ప్రతి ఆవాసంలో ప్రతి తాగునీటి బోరుకూ వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించి, తేదీ, ఫలితం ఆ బోరు దిమ్మె మీదే తెలుగులో పెయింటుతో రాయించండి. పరీక్ష కిట్లతో ఊరికి అయిదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని జల్ జీవన్ మిషన్‌లోనే ఉంది. ఆ అయిదుగురు మా ఊళ్లో ఎవరో మాకు చెప్పండి, లేకపోతే కొత్తగా ఎంపిక చేయండి.

రెండోది, బళ్లకు, అంగన్‌వాడీలకు తాగడానికే కాక వంటకు కూడా శుద్ధి చేసిన నీరు ఈ విద్యా సంవత్సరంలోనే అందాలి. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు, ఉన్న ప్లాంటు నుంచి రోజూ డ్రమ్ములు పంపే ఏర్పాటు చాలు. మా కోరికల్లో ఒక్కటే తీర్చగలమంటే ముందు ఇది తీర్చండి.

మూడోది, పాడుబడిన ఆర్‌ఓ ప్లాంట్లను బాగు చేసి, మనిషికి 8 నుంచి 10 లీటర్ల నీరు పేద ఇళ్లకు ఉచితంగా ఇవ్వండి. ప్లాంటు వదిలేసే వ్యర్థజలంలో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. దాన్ని బోరు పక్క కాలవలోకి వదలడం వెంటనే ఆపించండి.

నాలుగోది, వైద్య శాఖకు. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం 2008-09లో మొదలైనప్పుడు తొలి విడతలోనే నెల్లూరు జిల్లా ఉంది. ఆ కార్యక్రమం కింద జిల్లా ప్రయోగశాలకు ఫ్లోరైడ్ కొలిచే అయాన్ మీటరు, దానికొక టెక్నీషియన్ ఉండాలి. బడి పిల్లల పళ్ల పరీక్ష, పెద్దల మూత్ర పరీక్ష ఊరూరా చేసి లెక్క బయటపెట్టండి. కీళ్ల నొప్పులతో వచ్చే మనిషి ఏ నీళ్లు తాగుతున్నాడో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చీటీ మీద రాసే పద్ధతి పెట్టండి. వంగలేని మనిషికి దివ్యాంగ ధ్రువీకరణ కోసం శిబిరం మండలంలోనే జరపండి. మెడ తిరగని మనిషిని బస్సులో జిల్లా కేంద్రానికి తిప్పడం భావ్యం కాదు.

అయిదోది, వేసవి ఉపాధి పనులు పొద్దున పదిన్నరకల్లా ముగించండి. పనిచోట నీడ, శుద్ధి చేసిన నీరు ఉంటేనే హాజరు మస్టర్ వేయాలని ఆదేశమివ్వండి. ఈ రెండూ కాగితం మీద ఇప్పటికే ఉన్నాయని ఎవరైనా అంటే, కాగితం కాకుండా పనిచోటు చూడమని మా మనవి.

ఆరోది, బెల్టు షాపుల విషయంలో గ్రామసభ తీర్మానానికి విలువ ఇవ్వండి. మా మహిళా సంఘాలు తీర్మానం చేసి పంపడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత వాళ్ల మీద ఎవరైనా చేయి చేసుకుంటే రక్షణ ఇచ్చే బాధ్యత మీది.

చివరగా, ఈసారి సమస్య పరిష్కారమైందని ఫోనుకు సందేశం పంపవద్దు. నీటి సరఫరా, వైద్యం, విద్య శాఖల నుంచి ఒక్కొక్క అధికారి వచ్చే గ్రామసభలో మా ముందు కూర్చుని, పై ఆరింటిలో ఏది చేస్తారో, ఏది చేయలేరో, ఎప్పటికి చేస్తారో చెప్పి, తీర్మాన పుస్తకంలో సంతకం పెట్టండి. చేయలేనిది చేయలేమని చెప్పినా గౌరవిస్తాం. బోరు పరీక్ష ఫలితాల ప్రతులు ఆ రోజు వెంట తెండి.

ఇట్లు,
గ్రామస్థుల తరఫున,
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
పొదిలి ప్రాంతం